నల్ల సూర్యుడి పక్కన ఐదు చుక్కలు

పురాణాల్లో ఉన్నవి నిజంగా జరిగాయా అని ఈ మధ్య నన్ను అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. కొందరు జరిగాయని నాతో అనిపించుకోవాలని వస్తారు, కొందరు జరగలేదని అనిపించుకోవాలని. జీవితమంతా సర్కారు నక్షాలు గీసి రిటైరైన మనిషిని కాబట్టి నా మాటకు ఏదో బరువు ఉంటుందని వాళ్ల నమ్మకం. రెండు రకాలవాళ్లకూ నేను ఒకే సంగతి చెబుతాను. అందులో వాదన ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట నా చేతిమీదుగా జరిగిన తప్పు అది. విన్నాక వాళ్లు మంచినీళ్లు అడిగి వెళ్లిపోతారు. మీరూ వినండి.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. హనుమకొండలో చెరువులు, కాలువల మరమ్మతులు చూసే దఫ్తరులో నక్షాలు గీసే పని. కాగితం కరువు. పాత నక్షాల వెనకవైపే కొత్తవి గీసేవాళ్లం. మా గదికి పెద్ద ఒకాయన ఉండేవారు. దఫ్తరంతా ఆయన్ని పంతులుగారు అనేది. పక్షి ఈకతో గీసినట్టుండేది ఆయన గీత. నా చేతికి కాస్త పనితనం అబ్బిందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

పంతులుగారికి దఫ్తరు బయట ఇంకో లోకం ఉండేది. పురాణమంటే పూర్వులు రాసిపెట్టిన రోజువారీ దాఖలా అని ఆయన గట్టిగా నమ్మేవారు. రాహువు సూర్యుణ్ణి మింగాడంటే గ్రహణమని అందరికీ తెలుసు. ఆయన అక్కడ ఆగేవారు కాదు. సముద్రాన్ని ఒక్క గుక్కలో తాగేసిన ముని కథ ఉంది కదా, ఆ ముని పేరున్న చుక్క వానలు వెనకబట్టే రోజుల్లో దక్షిణాన పొడుస్తుంది, అప్పుడే వాగుల్లో నీళ్లు తేరుకుంటాయి, కథ పుట్టింది అందుకే అనేవారు. ఏ రాక్షసుడి తల తెగి ఆకాశంలో తిరిగినా తోకచుక్క, ఏ కొండ ఎగిరినా భూకంపం. మధ్యాహ్నం అన్నం వేళ గిన్నె మూత మీద శనగపప్పు బద్దలు పెట్టి గ్రహాల నడక చూపించేవారు. పాత సిద్ధాంత గణితం ఆయనకు నోటికి వచ్చు. ఎన్నడో జరిగిన గ్రహణాన్ని కూడా లెక్కకట్టి ఏ ఏడు, ఏ నెల అన్నది తేల్చగలిగేవారు.

మా ఓవర్సీరు నగరం నుంచి వచ్చిన ముసల్మాను. సరదా మనిషి. "పంతులుగారూ, మా దాదా గడ్డం ఎప్పుడు నెరిసిందో గూడ మీ లెక్కల దొరుకుతదేమో జర చూడుండ్రి" అని ఆటపట్టించేవాడు. పంతులుగారు నవ్వి, ఆయనకూ నాలుగు బద్దలు ఇచ్చి కూర్చోబెట్టేవారు.

ఆ ఏడు చలికాలం చివర్లో మాకు ఒక ఊరి చెరువు పని వచ్చింది. నెక్కొండలో రైలు దిగి, నర్సంపేట దిక్కు ఎడ్లబండి మీద సగం పూట పోవాలి. ఎవరి తాతల కాలంలోనో గండిపడిన చెరువు అది. అందులో నీళ్లు నిలవగా చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. ధాన్యానికి కరువు కాబట్టి దాన్ని మళ్లీ నింపాలని పైనుంచి హుకుం. ఎండాకాలం దాటేలోగా గండి పూడ్చాలి, కట్ట ఎత్తు పెంచాలి, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి మత్తడి కట్టాలి. మట్టిపనికి వచ్చే ఒడ్డెర కుటుంబాలకు గుడిసెల జాగా చూపించడం నా వంతు.

మొదటి పది రోజులు పంతులుగారు కూడా మాతో ఉన్నారు. ఆ ఊళ్లోనే ఒక ముసలమ్మ ఉండేది. బట్ట మీద బొమ్మలు వేసిన పొడుగాటి పటాన్ని ఒక్కో బొమ్మా విప్పుతూ కథ పాడే కుటుంబం వాళ్లది. పెనిమిటి పోయాడు, కొడుకులు కాజీపేటలో రైలు పనికి పోయారు. పటం ఆమె దగ్గర మిగిలింది. పంతులుగారు అడగగానే కాదనకుండా విప్పి పాడింది.

ఆ ఊరి అమ్మవారి కథ అది. అమ్మకు ఏడుగురు అన్నలు. వాళ్లు కట్టకట్టి ఆమె నీళ్లను ఆపారు. నాకు దారి విడవండి అని ఆమె అడిగింది. వాళ్లు విడవలేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం సూర్యుడు నల్లబడ్డాడు. అమ్మ ఏడు కడవలు నెత్తిన పెట్టుకుని, కట్ట కొస దాటి, నేరుగా వాగుదాకా నడిచింది. దారిలో ఉన్నదంతా ఆమెతో పోయింది. మిగిలినవాళ్లు మొక్కితే అప్పుడు చెప్పిందట: ఇప్పచెట్టు నుంచి ఏనుగుబండ దాకా నా కొంగు వెడల్పు, అందులో దున్నుకోండి, విత్తుకోండి, కాని పొయ్యి పెట్టకండి.

పంతులుగారు ఈ చివరి మాటలు విన్నారో లేదో నాకు అనుమానమే. ఆయన కళ్లు ఒక బొమ్మ మీదే ఉన్నాయి. నల్లటి సూర్యబింబం, దాని పక్కన వరుసగా ఐదు తెల్ల చుక్కలు. సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు పగలే గ్రహాలు కనిపిస్తాయి. ఐదు గ్రహాలూ ఒక్కచోట చేరి, అదే వేళకు గ్రహణం పట్టడం ఎన్ని తరాలకో గాని జరగదు. చుక్కలు ఉన్న వరుసను బట్టి ఆ ఏడు ఏదో లెక్కకట్టవచ్చు. అంటే చెరువు ఎప్పుడు తెగిందో తిథితో సహా చెప్పవచ్చు. ఆమెను ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, చుక్కలు ఐదేనా అని. ఐదే అంది. ఆ సాయంత్రం ఆయన అన్నం సగంలోనే లేచిపోయారు.

పటంలోని ఆ బొమ్మను వెంట్రుకవాసి తేడా లేకుండా దించి పంపమని నాకు చెప్పి, ఆయన హనుమకొండకు వెళ్లిపోయారు.

ఒక వారం గడిచాక ఆయన ఉత్తరం వచ్చింది. లెక్క కుదిరిందని రాశారు. ఎండాకాలం చివర నగరంలో పండితుల సభ ఉంది, అక్కడ చదవడానికి వ్యాసం సిద్ధం చేస్తున్నానని, బొమ్మ దించినవాడిగా నా పేరు కూడా వేస్తానని రాశారు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆ రోజే ముసలమ్మ దగ్గర పటం తీసుకుని నా డేరాలో బల్ల మీద పరిచాను. ముడత సరిచేద్దామని తిప్పితే వెనకవైపు అరచెయ్యంత అతుకు కనిపించింది. వేరే గుడ్డ, చింతగింజల జిగురుతో అంటించింది. ముందువైపు చూస్తే ఆ అతుకు అంచు ఎక్కడెక్కడ తేలిందో సరిగ్గా అక్కడక్కడే ఐదు చుక్కలూ ఉన్నాయి.

పటం చుట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి అడిగాను.

"ఎలుకలు కొట్టినయి బిడ్డా" అంది ఆమె తేలిగ్గా. "మా మామ అతుకేసిండు. అతుకు అగపడొద్దని సుక్కలు వెట్టిండు."

"అయితే కథల సుక్కలు లెవ్వా?"

"మిట్టమద్దియాన్నం సుక్కలెక్కడియి? ఆ అయ్య సుక్కలు ఐదేనా అన్నడు, ఐదే అన్న. ఎందుకు వెట్టిన్రని అడిగితే చెప్పకపోదునా?"

నాకు నవ్వు వచ్చి ఉంటే బాగుండేది. ఒళ్లు మండింది. పంతులుగారి ముప్పై ఏళ్ల విద్య ఒక ఎలుక కన్నానికి తాకట్టుపడింది, దానితోపాటు నా పేరు కూడా. నేను పటం ఆమెకిచ్చి లేస్తుంటే ఆమె మెల్లగా ఇంకో మాట అంది.

"కొడుకా, గుడిసెలకు కట్ట కిందున్న మైదానం సూస్తాన్నవట. అది అమ్మ బాట. జర వేరే జాగ సూడు."

ఆ మైదానం నాకు అన్ని విధాలా నచ్చింది. కట్టకు దగ్గర, చదునుగా ఉంది, మంచినీళ్ల బాయి కూడా పక్కనే. దుర్భిణి పెట్టి మైదానం పొడుగునా నేల ఎత్తుపల్లాలు కొలిచాను. అడ్డంగా కూడా ఐదు వరుసలు తీయాలని పంతులుగారు నేర్పిన పద్ధతి. రెండు తీశాను. ఎండ దంచుతోంది, మనసులో చిరాకు. చుక్కలు అతుకైనప్పుడు మిగతా కథ మాత్రం అతుకు కాదా అనుకుని, మిగిలిన మూడింటినీ అంచనా మీద రాసేశాను. ఓవర్సీరు నా కాగితం చూసి సంతకం పెట్టాడు. నా లెక్కను ఆయన అనుమానించడానికి కారణమేదీ లేదు.

పంతులుగారికి నేను దించిన బొమ్మ పంపాను. చుక్కలు ఐదూ ఉన్నచోటే ఉన్నాయి. అతుకు సంగతి రాయలేదు. వెళ్లినప్పుడు ఎదురుగా చెబుదాంలే అనుకున్నాను. ఆ మాట ఎవరైనా మనసులో అనుకుంటున్నారంటే చెప్పరన్నమాటే.

పని జోరుగా సాగింది. గండి పూడింది. కట్ట లేచింది. మత్తడి మాత్రం రాయి సమయానికి రాక సగంలో ఉంది. వానలకు ఇంకా వ్యవధి ఉందన్నారు. రోహిణి కార్తె చివర పై అడవుల్లో రెండు రోజులు వాన పడి వాగు వచ్చింది. చెరువులో మొదటిసారి నీళ్లు నిలిచాయి. ఊళ్లోవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కట్ట మీదికి వచ్చి చూశారు. కొందరు దండం పెట్టారు. నాకు గర్వంగా ఉండింది.

మూడో రోజు మధ్యాహ్నం. మగవాళ్లు, చేతనైన ఆడవాళ్లు కట్ట మీద పనిలో ఉన్నారు. గుడిసెల్లో ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలు. నా డేరా గుడిసెలకు కొద్దిగా పైన, రాతి బోడు మీద, చిన్న గుట్టలాంటి చోట. గీస్తూ ఉండగా కాగితం మీద గీత కనపడకుండా పోయింది. తల ఎత్తాను. చెరువు మీద మబ్బు అట్లా దిగింది. దాని వెనక సూర్యుడు ఉన్నచోట మసి అంటిన పళ్లెంలాంటి మచ్చ ఒక్కటే మిగిలింది. గుడిసెల్లో బుడ్డి దీపాలు ముట్టించారు. పక్షులు చెట్లకు చేరాయి.

ఆ చీకట్లో ముసలమ్మ ఊళ్లో నుంచి కర్ర ఊతంతో వచ్చింది.

"వాళ్లను లేవమను కొడుకా. ఆమె వస్తాంది."

కట్ట గట్టిగానే ఉందని, ఓవర్సీరును అడిగి వస్తానని, జర ఆగమని చెప్పాను. నిజానికి ఏం చేయాలో నాకు తోచలేదు. అందరినీ లేపితే, ఏమీ కాకపోతే, దఫ్తరులో నవ్వుతారనే భయం కూడా ఉంది. ఆమె నా మాట కోసం ఆగలేదు. గుడిసె గుడిసెకూ పోయి తడకల మీద కర్రతో కొట్టింది. ఒడ్డెరవాళ్లు ఆమె మాటకు ఎదురు చెప్పలేదు. పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్లను పట్టుకుని బోడు ఎక్కసాగారు. అప్పుడు నేనూ దిగి పరుగెత్తాను. నా ఆలోచన ఎంతసేపు సాగిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఒక మనిషిని మోసుకుని పైకి తేవడానికి సరిపోయేంత.

ఒక గుడిసెలో జ్వరంతో ఉన్న ముసలాయన మిగిలిపోయాడు. ఆయన కోడలు తన బిడ్డను పైన ఎవరి చేతికో ఇచ్చి వెనక్కి పోయింది. కట్ట తెగలేదు. మత్తడి లేని నీళ్లు పెరిగి, కట్ట కొసన ఉన్న తగ్గు మీదుగా పొర్లాయి. చూస్తుండగానే ఆ తగ్గు కోసుకుపోయింది. నీళ్లు అటూ ఇటూ పోలేదు. తెలిసిన దారిలో నడిచినట్టు నేరుగా గుడిసెల మీదుగా వాగుదాకా పోయాయి. ఆ ఇద్దరూ సాయంత్రానికి వాగు మలుపు దగ్గర దొరికారు.

ఆమె భర్త కట్ట మీద పనిలో ఉండి ఇదంతా చూశాడు.

మూడో నాడు పంతులుగారు వచ్చారు. దగ్గర చేతిసంచి ఉంది, అందులో వ్యాసం ఉందని నాకు తెలుసు. సభకు అటునుంచి అటే పోవాలి. రాగానే దుర్భిణి నిలబెట్టమన్నారు. నేను తీయని మూడు అడ్డవరుసలూ ఇద్దరం తీశాం. మధ్యలో నడుములోతు పల్లం ఉంది. అంత వెడల్పు మీద నడుములోతు పల్లం కంటికి ఆనదు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఊరివాళ్లను అడిగాం. ఒక అంచున ఎప్పుడో కొట్టేసిన ఇప్పచెట్టు మోడు, రెండో అంచున ఏనుగుబండ.

వరద కోసిన ఒడ్డులో నల్లరేగడి కింద ఏటి ఇసుక పొర తేలింది. ఆ ఇసుక కింద కుండపెంకులు, మసిబారిన మూడు రాళ్లు. ఎవరిదో పొయ్యి. ఎప్పటిదో చెప్పే విద్య మా ఇద్దరికీ లేదు. పంతులుగారు ఆ ఒడ్డు దగ్గర నేల మీద కూర్చున్నారు.

అప్పుడు చెప్పాను. అడ్డవరుసలు అంచనా మీద రాసిన సంగతి, ముసలమ్మ వద్దన్న సంగతి, చివరికి అతుకు సంగతి.

"అతుకు ఎప్పుడు చూసినవు?" అన్నారు.

"మీ ఉత్తరం వచ్చిన్నాడే."

ఒక కుండపెంకు తీసి, మట్టి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టారు. తర్వాత, కోపం లేని గొంతుతో అన్నారు: "చెప్తే నేను నమ్మకపోదునేమో. అది వేరే సంగతి. నువ్వైతే చెప్పాలె."

నా ఉద్యోగ జీవితంలో ఎన్నో చీవాట్లు తిన్నాను. వాటిలో చాలావాటిని మరిచిపోయాను గాని, ఆ మాటను మాత్రం మరవలేదు.

ఆ పూట ఆయన నన్ను వెంటపెట్టుకుని ముసలమ్మ ఇంటికి వెళ్లారు. పటం విప్పమనలేదు. కథ మొదటినుంచి చెప్పమని, గోడకు చేరబడి, ఎక్కడా అడ్డుతగలకుండా రాసుకున్నారు. ఇప్పచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన కలం ఆగింది. మళ్లీ కదిలింది. అంతా అయ్యాక ఒక్కటి అడిగారు.

"అవ్వా, సూర్యుడు నల్లబడ్డడంటే గ్రహణమేనా?"

"నాకేమెరుక అయ్యా" అంది ఆమె. "మొన్న ఎట్ల నల్లబడ్డడో నువ్వు సూడలె. ఈ పిలగాడు సూసిండు."

ఆయన నా వైపు చూశారు. చూసింది చెప్పాను. దీపాలు, పక్షులు, మసి పళ్లెం. తన కాగితం చివర ఆయన ఇట్లా రాసుకున్నారు: మబ్బో గ్రహణమో తెలియదు, నీళ్లు వచ్చిన దారి నిజం. నగరం సభకు పోలేదు. వ్యాసాన్ని చింపి పారేశారని దఫ్తరులో కథలు అల్లారు గాని, అది అబద్ధం. రిటైరయ్యేదాకా ఆయన సొరుగులోనే ఉంది. చుక్కలున్న చోట మాత్రం ఎర్రసిరాతో గీత కొట్టి, "అతుకు" అని రాసి ఉంది. ఆ తర్వాత కూడా ఆయన పురాణాలను వదల్లేదు. అయితే చెప్పేవాళ్ల ఊరు, తరం, ఎవరి దగ్గర నేర్చారు అన్నవి ముందు అడిగేవారు. గ్రహాల లెక్కలు చివరికి వచ్చేవి, కొన్నిసార్లు వచ్చేవే కావు.

విచారణ జరిగింది. ఓవర్సీరు నన్ను కాపాడాలని చూశాడు. వాన ముందుగా వచ్చిందని, రాయి ఆలస్యమైందని రాద్దామన్నాడు. రెండూ నిజాలే. పంతులుగారు ఒప్పుకోలేదు. ఆ రెంటితో పాటు మూడోది, నేను తీయని అడ్డవరుసల సంగతి కూడా రాయమన్నారు. నా చేత్తోనే రాశాను. నన్ను బయటి పనుల నుంచి తప్పించి రికార్డు గదిలో వేశారు. ఆ ఇద్దరి ప్రాణాలకు అది శిక్ష ఏమీ కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

మరుసటి ఏడు ఎండాకాలానికి చెరువు పని మళ్లీ మొదలైంది. నేల తెలిసినవాడు కావాలని ఓవర్సీరు నన్నే అడిగి తీసుకున్నాడు. ఒడ్డెర కుటుంబాలు కూడా చాలావరకు వెనకటివాళ్లే. మొదటి రోజు వాళ్ల బండ్లు వచ్చి ఆగాయి. అందరికంటే ముందు ఆయన దిగాడు, తండ్రినీ భార్యనూ పోగొట్టుకున్న మనిషి. చంకలో ఏడాది దాటిన బిడ్డ. నా దగ్గరికి వచ్చి మామూలుగా అడిగాడు.

"ఈసారి గుడిసెలు ఏడ ఎయ్యాలె సారు?"

నేను ఊళ్లోకి వెళ్లి ముసలమ్మను తీసుకొచ్చాను. ఆమెకు అప్పటికి చూపు బాగా తగ్గింది. అయినా కాళ్లకు నేల తెలుసు. బోడు వెనకకు, జిల్లేళ్లు మొలిచిన గట్టు మీదికి నడిచి నిలబడింది. నేను దుర్భిణి పెట్టి ఐదు అడ్డవరుసలూ తీసి, ఆమె చూపిన జాగా మంచిదని చెప్పాను. అంతదాకా వాళ్లు బండ్లు విప్పకుండా ఎండలో కూర్చున్నారు.

ఆయన జాగా అంతా ఒకసారి నడిచి చూశాడు. తన గుడిసెకు ఒక మూల ఎంచుకున్నాడు. పైన రాతి బోడు మీద మా మనుషులు నా డేరాకు గుంజలు పాతుతున్నారు. అటు చూసి, నా వైపు తిరిగాడు.

"మీరు గూడ మా నడుమనే ఉండుండ్రి సారు" అన్నాడు.

గొంతులో కోపం లేదు, వేళాకోళం లేదు. బిడ్డ ఆయన భుజం మీద నిద్రపోయింది. నేను మా మనుషుల్ని పిలిచి గుంజలు పీకించాను. ఆ ఎండాకాలమంతా, మత్తడి పూర్తయి నీళ్లు దాని మీదుగా పొర్లేదాకా, నా డేరా వాళ్ల గుడిసెల మధ్యనే ఉంది.